మూడడుగుల పట్ తప్పడం, ముప్పై అడుగుల పట్ ఎక్కడో ఆగడం: రెండు జబ్బులు, రెండు మందులు

గోల్ఫ్‌లో పార్ 72 కోర్సు అంటే పద్దెనిమిది హోల్‌లకు 72 దెబ్బలు లెక్క. అందులో ఒక్కో హోల్‌కి రెండేసి పట్‌ల చొప్పున (హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి, అంటే గ్రీన్ మీద, పటర్‌తో బంతిని దొర్లించే దెబ్బే పట్) 36 పట్‌లు లెక్కలోనే వేసి పెట్టారన్నమాట. స్కోరులో సగం. అయినా ప్రాక్టీసు రేంజ్‌లో దూరం కొట్టే డ్రైవర్‌తో బకెట్ల కొద్దీ బంతులు కొట్టేవాళ్లు పటింగ్ గ్రీన్ మీద మాత్రం ఆట మొదలుపెట్టే టైమ్‌కి ముందు నాలుగు బంతులు దొర్లించి వెళ్లిపోతారు. ఆ నాలుగూ కూడా పది పన్నెండు అడుగుల నుంచే. అది సాధనకు అన్నిటికంటే పనికిరాని దూరం. అమెరికా పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్ ఆటగాళ్లే 8 అడుగుల నుంచి రెండింట్లో ఒకటి మాత్రమే వేస్తారు. పన్నెండు అడుగుల పట్ పడకపోతే దిగులుపడాల్సిన పని మనకు లేదు. స్కోరు పోయేది రెండు చోట్ల: మూడు నాలుగు అడుగుల పట్ తప్పినప్పుడు, దూరం నుంచి కొట్టిన మొదటి పట్ హోల్ దగ్గర ఆగనప్పుడు. మొదటిదానికి కారణం పటర్ ముఖం తిరిగిన దిక్కు. రెండోదానికి కారణం వేగం. ఈ రెంటినీ కలిపి ఒకే మందు వేస్తే ఏదీ తగ్గదు.

కాబట్టి ముందు పరీక్ష. చదునుగా ఉన్నచోట 3 అడుగుల నుంచి పది పట్‌లు, 30 అడుగుల నుంచి పది పట్‌లు వేయండి. దగ్గరవాటిలో తప్పినవి ఎటు తప్పాయో, దూరంవి ఎన్ని అడుగులు ముందో వెనకో ఆగాయో కాగితం మీద రాయండి. దగ్గరివన్నీ ఒకేవైపు తప్పుతుంటే తప్పు మీ గురిలో, అంటే నిలబడే తీరులోనే ఉంది. కుడికి కొన్ని, ఎడమకు కొన్ని తప్పుతుంటే గురి కాదు, చేతుల్లో బిగువు. దూరంవన్నీ తక్కువే పడుతుంటే అలవాటు మార్చాలి. కొన్ని తక్కువ, కొన్ని ఎక్కువ అయితే బంతి పటర్ మధ్యలో తగలడం లేదు. ఇక్కడినుంచి చెప్పేదంతా కుడిచేతివాటం వాళ్లకు. ఎడమచేతివాటం వాళ్లు తిప్పి చదువుకోవాలి.

పటర్ సరిపోయిందా

కొత్తది కొనమని చెప్పడం లేదు. ఉన్నదాన్ని చూడండి. షాపుల్లో దొరికేవి, సెకండ్‌హ్యాండ్‌లో వచ్చేవి చాలావరకు 34, 35 అంగుళాలవి. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి 35 చాలాసార్లు ఎక్కువే. పటర్ పొడవైతే మోచేతులు పక్కటెముకల్లోకి ఇరుక్కుంటాయి, లేదా మనిషి బంతికి దూరంగా జరుగుతాడు. కోసి పొట్టి చేయించడానికి తొందరపడకండి. పొట్టి చేస్తే తల తేలికైనట్టు చేతికి తెలుస్తుంది, దానికి అలవాటుపడటం ఇంకో తలనొప్పి. ముందు రెండు వారాలు గ్రిప్ మీద అంగుళం కిందికి పట్టుకుని ఆడి చూడండి. మామూలుగా నిలబడి పటర్ నేల మీద ఆనించినప్పుడు దాని ముక్కు (తల అవతలి కొన) కింద నాణెం దూరేంత సందు ఉంటే ఫరవాలేదు. వేలు దూరేంత ఉంటే పొడవు కానీ, మీరు నిలబడే దూరం కానీ తేడా ఉన్నట్టే.

ఇంకో చిన్న పరీక్ష: షాఫ్ట్‌ని, అంటే పటర్ కర్రని, చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టండి. పటర్ ముఖం ఆకాశం వైపు చూస్తే అది తిన్నగా వెనక్కీ ముందుకీ ఆడేవాళ్లకు నప్పుతుంది. ముక్కు కిందికి వేలాడితే కొద్దిగా వంపు తిరిగే స్ట్రోక్‌కి. మీ స్ట్రోక్‌కి వ్యతిరేకమైనది చేతిలో ఉంటే ప్రతి పట్‌కీ మణికట్టుతో సర్దుకోవాల్సి వస్తుంది.

నిలబడటం, పట్టుకోవడం

బంతి పాదాల నడిమధ్య కంటే ఒక బంతి వెడల్పు ముందుకు, అంటే ఎడమవైపుకు ఉండాలి. పటర్‌కి మామూలుగా 3, 4 డిగ్రీల లాఫ్ట్, అంటే ముఖం వెనక్కి వాలిన కోణం, ఉంటుంది. బంతి మరీ వెనక ఉంటే చేతులు ముందుకు తోసుకుపోయి ఆ లాఫ్ట్ పోతుంది, బంతి గడ్డిలోకి నొక్కుకుని ఎగురుతుంది. మరీ ముందుంటే ముఖం మూసుకుపోయే సమయానికి తగిలి ఎడమకు పోతుంది.

కళ్లు ఎక్కడున్నాయో చూసుకోవడానికి ఖర్చులేని పద్ధతి ఉంది. పట్‌కి నిలబడినట్టే నిలబడి, ఇంకో బంతిని ఎడమ కంటి దగ్గర ముక్కు మొదట్లో ఆనించి వదలండి. కింద ఉన్న బంతి మీదో, దానికి కాస్త మీవైపో పడాలి. బంతికి అవతల పడితే మీరు ఎక్కువ వంగుతున్నారు. అలాంటప్పుడు చాలామందికి గురి ఎడమకు పోతుంది. బాగా ఇవతల పడితే కుడికి పోతుంది. పైన పరీక్షలో అన్నీ ఒకేవైపు తప్పినవాళ్లకు సగం సమస్య ఇక్కడే తేలిపోతుంది.

గ్రిప్ పేర్లు చాలా ఉన్నాయి. అన్నిటిలోనూ సూత్రం ఒకటే: రెండు అరచేతులూ ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి, బొటనవేళ్లు రెండూ షాఫ్ట్ మీద నిలువుగా కిందికి ఉండాలి. ఇక ఎంత గట్టిగా? బండి దగ్గర వేడి వేడి టీ గ్లాసు పట్టుకుంటాం చూడండి, అంత. వదిలేస్తే పడిపోతుంది, బిగిస్తే కాలుతుంది. ఆ పట్టు స్ట్రోక్ మొదలైనప్పుడు ఎంతుందో బంతి తగిలినప్పుడూ అంతే ఉండాలి. దగ్గర పట్‌లు తప్పడానికి కారణం వదులు పట్టూ కాదు, గట్టి పట్టూ కాదు. సరిగ్గా తగలబోయే క్షణంలో బిగుసుకునే పట్టు.

స్ట్రోక్ భుజాలది. మణికట్లు షాఫ్ట్‌ని మోస్తాయంతే. ఊయల చిన్నగా ఊగినా పెద్దగా ఊగినా ఒక ఊపుకి పట్టే సమయం దాదాపు ఒకటే. పట్ కూడా అంతే, దూరాన్ని బట్టి ఊపు పొడవు మారాలి, తాళం మారకూడదు. వెనక్కి వెళ్లడానికి పట్టే సమయంలో సగం సమయంలో ముందుకొచ్చి బంతిని తాకుతుంది. మనసులో 'ఒక-టీ' అని వెనక్కి, 'రెండు' అని ముందుకు. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు పటర్‌ని అవసరానికి మించి వెనక్కి తీసుకెళ్లి, అయ్యో ఎక్కువైందే అని బంతి దగ్గర బ్రేకు వేయడం. బ్రేకు వేసిన పటర్ ముఖం వణుకుతుంది. మూడడుగుల పట్‌కి బంతి వెనక 6 అంగుళాల దూరంలో ఒక టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) గుచ్చి, దానికి తగలకుండా ఆడండి. వెనక్కి పోయే దారి మూసేస్తే ముందుకు పోవడం దానంతట అదే వస్తుంది.

దగ్గర పట్‌కి గేటు

హోల్ వెడల్పు 4.25 అంగుళాలు, అంటే మధ్య నుంచి అంచుకు 2.125. బంతి 1 డిగ్రీ పక్కకు బయల్దేరితే 10 అడుగులు వెళ్లేసరికి 2 అంగుళాలకు పైగా జరిగిపోతుంది. అంచు తగిలి బయటికొచ్చిన పట్‌లలో చాలావాటి కథ ఇదే. బంతి ఎటు బయల్దేరాలో ఎక్కువ భాగం తేల్చేది పటర్ ముఖం. ఊపు దారి ప్రభావం దానికంటే చాలా తక్కువ. అందుకే ముఖాన్ని పరీక్షించే సాధనే చేయాలి.

ముందు తిన్నటి పట్ వెతకాలి. హోల్ చుట్టూ తిరుగుతూ మూడడుగుల దూరం నుంచి బంతులు దొర్లించండి. కాస్త ఎగువకు, ఎటూ వంగకుండా వెళ్లే చోటు ఒకటి దొరుకుతుంది. అక్కడ బంతి పెట్టి, పటర్ తలకు రెండువైపులా చిటికెనవేలు సందు వదిలి రెండు టీలు గుచ్చండి. ఇది మొదటి గేటు. బంతికి సరిగ్గా అడుగు ముందర, హోల్ వైపు లైన్ మీద ఇంకో రెండు టీలు. వీటి మధ్య సందు మొదట్లో 2.5 అంగుళాలు. స్కేలు అక్కర్లేదు, బంతి వెడల్పు 1.68 అంగుళాలు కాబట్టి బంతీ, ఇంకో సగం బంతీ పట్టేంత. ఈ సందులోంచి టీలకు తగలకుండా వెళ్లిన బంతి చదునైన నేల మీద 5 అడుగుల పట్ వరకు హోల్‌లోనే పడుతుంది. పదికి తొమ్మిది వెళ్తున్నాయంటే సందు 2 అంగుళాలకు తగ్గించండి. అప్పుడు బంతికి అటూ ఇటూ మిగిలేది 0.16 అంగుళమే. దాన్ని దాటగలిగిన దిక్కు 10 అడుగుల దగ్గర కూడా హోల్ దాటి బయటికి పోదు.

ఏ టీ తగిలిందో చూడండి, జవాబు అక్కడే ఉంది. పటర్ దేనికీ తగలకుండా వచ్చి, బంతి మాత్రం ముందు గేటు ఎడమ టీని కొడితే ముఖం మూసుకుంటోంది. ఎక్కువగా కుడిచేయి తోయడం వల్ల. కుడి టీని కొడితే ముఖం తెరుచుకుని ఉంది, ఎడమ మణికట్టు ముందుకు పారిపోతోంది. పటర్ ముక్కు బయటి టీని కొడితే మీరు స్ట్రోక్ మధ్యలో తల ఎత్తి హోల్ వైపు చూస్తున్నారు, భుజం దాని వెంటే తిరుగుతోంది. బంతి పడిన చప్పుడు చెవితో వినేదాకా కళ్లు గడ్డి మీదే ఉండనివ్వండి. మూడడుగుల్లో అదేమీ కష్టం కాదు.

బంతి ముఖం మధ్యలో తగులుతోందా అని అనుమానం ఉంటే రెండు రబ్బరు బ్యాండ్లు తీసుకుని పటర్ ముఖానికి మధ్య గీతకు అటొకటి, ఇటొకటి, నడుమ అంగుళం సందు ఉంచి చుట్టండి. పక్కన తగిలిన బంతి బ్యాండు మీద నుంచి గెంతి చెప్పేస్తుంది. దూరాలు ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ అయ్యేవాళ్లు గేటు కంటే ముందు ఇది చేయాలి.

ఇంట్లో కూడా సగం పని అయిపోతుంది. రెండడుగుల టైల్స్ వేసిన హాల్లో టైల్స్ మధ్య గీతకు మించిన తిన్నటి లైను ఏ గ్రీన్ మీదా దొరకదు. గీత మీద బంతి పెట్టి, ఆరడుగుల అవతల స్టీలు గ్లాసు పడుకోబెట్టండి. గ్లాసు మూతి హోల్ కంటే చిన్నది, కాబట్టి దాన్ని కొట్టగలిగితే గ్రీన్ మీద హోల్ బిందెలా కనిపిస్తుంది. గీతల్లేని నేలైతే తాపీ మేస్త్రీలు వాడే నూలుదారం రెండు చివరలా బరువు పెట్టి లాగి కట్టండి. నున్నటి నేల మీద వేగం సాధన చేయకండి, ఏ గ్రీనూ అంత జారదు. అపార్ట్‌మెంటులో అయితే మొద్దు జంపఖానా పరవడం కింది ఇంటివాళ్లతో సంబంధాలకూ మంచిది.

దూరం

గ్రీన్ వేగాన్ని స్టింప్‌మీటర్‌తో కొలుస్తారు. ఎడ్వర్డ్ స్టింప్సన్ 1935లో కనిపెట్టిన ఈ పరికరం ఇప్పుడు మూడడుగుల అల్యూమినియం పట్టీ. ఒక చివర ఎత్తుతూ పోతే సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి గాడిలోంచి జారి దొర్లుతుంది. ఎన్ని అడుగులు పోతే గ్రీన్ వేగం అంత. 8కీ 11కీ మధ్య ఒకే స్ట్రోక్‌కి ఎంత తేడా వస్తుందో ఊహించండి. పొద్దున మంచు తడికి నెమ్మది, ఎండకు ఆరాక జోరు, గడ్డి ఎదుగుదల కాలంలో సాయంత్రానికి మళ్లీ నెమ్మది. అందుకే నిన్నటి చేతివాటం ఇవాళ పనికిరాదు, ఆట మొదలయ్యే ముందు కొలిచి తీరాలి.

కొలత ఇలా: చదును చోట, పటర్ వెనక్కి కుడి బొటనవేలు దాకా వెళ్లే ఊపుతో మూడు బంతులు కొట్టండి. ఎంత దూరం వెళ్లాయో అడుగులేసి చూసుకోండి. తర్వాత పటర్ కుడి పాదం బయటి అంచు దాటి ఒక తల వెడల్పు వెనక్కి వెళ్లే ఊపుతో మూడు. అలా ఇంకా వెనక్కి మూడు. మీకు ఆరోజుకి మూడు కొలతలు చేతికొస్తాయి. ఇంకొకరి కొలతలు అప్పు తెచ్చుకోకండి, వాళ్ల తాళం వేరు. ముప్పై అడుగుల పట్ వచ్చినప్పుడు ఇది మూడో కొలత, కాస్త ఎగువ కాబట్టి ఇంకొంచెం అనుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. ఆధారం ఉన్నచోట చేయి వణకదు.

గ్రీన్ మీద రెండు ప్రాక్టీసు ఊపులు వేస్తారు కదా, అవి బంతిని చూస్తూ కాకుండా హోల్‌ని చూస్తూ వేయండి. గోలీ విసిరేవాడు చేయి వైపు చూసుకోడు, కొట్టాల్సిన గోలీ వైపే చూస్తాడు.

సాధనకు 20, 30, 40 అడుగుల దగ్గర టీలు గుచ్చండి. హోల్ చుట్టూ పటర్ పొడవంత దూరాన్ని, అంటే దాదాపు 3 అడుగులను, ఒక వలయంగా అనుకోండి. ఒక్కో చోటునుంచి ఒక్కో బంతే వేసి, చోటు మారుతూ తొమ్మిది పట్‌లు. ఒకే చోటునుంచి మూడు బంతులు వరసగా వేస్తే మూడోది దగ్గరకే వస్తుంది, కానీ కోర్సులో మొదటి దానికే స్కోరు రాస్తారు. తొమ్మిదిలో ఆరు వలయంలో ఆగితే బాగా ఆడుతున్నట్టే. ఎత్తు పల్లం ఉంటే హోల్‌ని మనసులో జరపండి: దిగువకైతే రెండు మూడు అడుగులు ఇవతల హోల్ ఉందనుకోండి, ఎగువకైతే అవతల. బంతి హోల్ తప్పితే అడుగు, అడుగున్నర దాటి ఆగే వేగం మంచిది. అంతకంటే జోరుగా వస్తే అంచు తాకిన బంతి పడదు, హోల్ చిన్నదైనట్టే.

వాలు, గడ్డి

గ్రీన్‌కి ముప్పై గజాల దూరం నుంచే చూడటం మొదలుపెట్టండి. ఆ గ్రీన్ మీద బిందెడు నీళ్లు కుమ్మరిస్తే ఎటు పారతాయి? మొదటి జవాబే చాలాసార్లు నిజం. దగ్గరికెళ్లాక బంతికీ హోల్‌కీ మధ్య పల్లపు పక్కన నిలబడి చూడండి, పాదాలకు వాలు కళ్లకంటే బాగా తెలుస్తుంది. ఏ కాలి మీద బరువు పడుతోందో గమనించండి. చివరి మూడో వంతు దగ్గర ఎక్కువసేపు ఆగండి. బంతి నెమ్మదించాకే వాలు దాన్ని ఎక్కువగా లాగుతుంది.

అంతా చూసి కూడా చాలామంది వంపుని తక్కువ అంచనా వేస్తారు. దిగువ వైపు తప్పడాన్ని గోల్ఫర్లు 'అమెచ్యూర్ సైడ్' (ఔత్సాహికుల వైపు) అనేది ఊరికే కాదు. హోల్‌కి దిగువన ఉన్న బంతి ఇక పైకి ఎక్కదు, ఎగువన ఉన్నదానికి చివరిదాకా ఆశ ఉంటుంది. వరసగా మూడు పట్‌లు దిగువకే తప్పితే మీకు తోచిన వంపుకి సగం కలపండి.

మన వేడి ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే బెర్ముడా గడ్డికి ఒక వాలు ఉంటుంది, ఒకవైపుకు పడుకుని పెరుగుతుంది. బంతి వెనక నుంచి చూసినప్పుడు గడ్డి మెరుస్తూ లేతగా కనిపిస్తే మీ నుంచి అవతలికి పడుకుంది, బంతి జోరుగా పోతుంది. ముదురుగా కనిపిస్తే ఎదురుగడ్డి, గట్టిగా కొట్టాలి. తేల్చుకోలేకపోతే హోల్ అంచు చూడండి: ఒకవైపు అంచు చక్కగా ఉండి, ఇంకోవైపు చిరిగి గోధుమరంగుకి తిరిగి ఉంటుంది. గడ్డి ఆ చిరిగిన వైపుకు పడుకున్నట్టు. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో బెంట్ అనే వేరే రకం గడ్డి మీద నేర్చుకుని, సెలవులకొచ్చి హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఆడేవాళ్లు ముందు దెబ్బతినేది ఇక్కడే.

మీ బ్యాగు మోసే కేడీ మాట వినండి, రోజూ ఆ గ్రీన్ల మీద తిరిగే మనిషి. కానీ 'ఎటు' అనే కాదు, 'ఎంత జోరుకి' అని కూడా అడగండి. ఒకే పట్‌కి మెల్లగా కొడితే ఒక లైను, గట్టిగా కొడితే ఇంకో లైను. మీరు పట్‌కి నిలబడటం మొదలుపెట్టాక మాత్రం అతను మీ వెనక లైన్ మీద నిలబడి ఉండకూడదు, రూల్ ఒప్పుకోదు. 2019 నుంచి బంతి గుంటలతో పాటు షూ గుర్తులు కూడా సరిచేసుకోవచ్చు, జెండా కర్ర తీయకుండానే పట్ చేయవచ్చు. దూరం పట్‌లకు కర్ర ఉంచడమే మేలు, కంటికి ఆనవాలుగా ఉంటుంది.

ధైర్యం

1970లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్ గెలవడానికి అమెరికన్ ఆటగాడు డగ్ శాండర్స్‌కి చివరి హోల్‌లో రెండున్నర అడుగుల పట్ మిగిలింది. బంతి మీద నిలబడ్డాక లైన్‌లో ఏదో కనిపించింది. కాళ్లు కదపకుండానే వంగి చేత్తో తుడిచాడు. మళ్లీ మొదటినుంచి నిలబడకుండా అలాగే కొట్టాడు. బంతి కుడికి తప్పింది. స్కోర్లు సమమై, మర్నాటి ప్లేఆఫ్‌లో జాక్ నిక్లాస్ ఒక్క స్ట్రోక్ తేడాతో గెలిచాడు. పట్‌కి ముందు చేసే వరస ఒకటి ఉండాలనీ, అది చెదిరితే వెనక్కి తప్పుకుని మళ్లీ మొదలుపెట్టాలనీ అనేది ఇందుకే.

వరస పొట్టిగా ఉండాలి. బంతి వెనక నిలబడి లైను, వేగం తేల్చుకోండి. హోల్‌ని చూస్తూ రెండు ఊపులు. ముందు పటర్ ముఖాన్ని లైనుకి పెట్టి, తర్వాత పాదాలు. ఒక్కసారి హోల్ వైపు చూపు, ఊపిరి వదలడం, ఊపు. పటర్ నేల మీద పెట్టాక ఎనిమిది సెకన్లు దాటితే చేతులు బిగుసుకోవడం మొదలవుతుంది. అనుమానం వస్తే తప్పుకోండి.

ఒత్తిడికి అలవాటుపడాలంటే హోల్ చుట్టూ 3 అడుగుల దూరంలో ఆరు బంతులు పెట్టి ఆరూ వరసగా వేయండి. ఒకటి తప్పితే మళ్లీ మొదటినుంచి. అయిదు పడ్డాక ఆరోదాని దగ్గర గుండె కొట్టుకోవడం తెలుస్తుంది, కావలసింది అదే. అయితే ఇరవై నిమిషాలకు మించొద్దు, విసుగుతో కొట్టేది సాధన కాదు. వారం రోజులు తేలిగ్గా అయిపోతుంటే 4 అడుగులకు జరగండి.

బంతి తగలబోయే ముందు చేయి తనంతట తాను అదిరితే అది ధైర్యం చాలకపోవడం కాదు. గోల్ఫర్లు దాన్ని 'యిప్స్' అంటారు. జర్మన్ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ లాంటివాడు పలుమార్లు దానితో పోరాడి, గ్రిప్‌లు మారుస్తూ రెండు మాస్టర్స్ టోర్నమెంట్లు గెలిచాడు. గ్రిప్ మార్చడమే మొదటి మందు: ఎడమచేయి కిందికి తేవడం, లేదా కుడిచేతిని పెన్ను పట్టినట్టు పక్కనుంచి ఆనించడం. రెండోది, దగ్గర పట్‌లకు బంతిని కాకుండా హోల్‌ని చూస్తూ కొట్టడం. అమెరికన్ ఆటగాడు జోర్డన్ స్పీత్ టోర్నమెంట్లలోనే అలా ఆడాడు. పొడవాటి పటర్ వాడొచ్చు, కానీ 2016 నుంచి దాన్ని ఛాతీకో పొట్టకో ఆనించి కొట్టకూడదు.

ఆట అయిపోయాక స్కోరుకార్డు పారేయకండి. మూడు పట్‌లు పడ్డ ప్రతి హోల్ పక్కన మొదటి పట్ హోల్‌కి ఎన్ని అడుగుల దూరంలో ఆగిందో రాయండి. అక్కడ 6, 8, 10 కనిపిస్తే వచ్చే వారం గేటు పక్కనపెట్టి అరగంటా దూరాల మీదే ఉండండి. 2, 3 కనిపిస్తే టీలు జేబులో వేసుకుని బయల్దేరండి.